ఆరో స్థానం దగ్గర ఆగిపోయిన వీడియో

కర్నూలు నుంచి ఒక పాఠకుడు పెద్ద ఉత్తరం రాసి, దానికి ఒక వీడియో స్క్రిప్టు జతచేశారు. పేరు వేయొద్దన్నారు. ఆయన పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్లో చరిత్ర చెబుతారు. ఇంటర్ రోజుల నుంచి కలిసి తిరిగిన స్నేహితుడితో తెలుగులో ఒక చరిత్ర ఛానల్ నడుపుతున్నారు. రాత ఈయనది, గొంతూ ఎడిటింగూ స్నేహితుడివి. ఆ స్నేహితుడు ముస్లిం. ‘ప్రపంచ చరిత్రలో పదిమంది మహాసేనానులు’ అనే వీడియో కోసం ఈయన స్క్రిప్టు తయారుచేశారు. అలెగ్జాండర్ మొదటివాడు, నెపోలియన్ రెండు, చెంగిజ్‌ఖాన్ మూడు, సలాహుద్దీన్ నాలుగు, హానిబాల్ ఐదు, ఏడో శతాబ్దపు అరబ్బు సేనాని ఖాలిద్ బిన్ వలీద్ ఆరు. సలాహుద్దీన్ స్థానం మీద ఇద్దరూ టీ కొట్టు దగ్గర సరదాగా పోట్లాడుకున్నారు. 1177లో మోంట్‌గిసార్ దగ్గర క్రూసేడర్ల చేతిలో సలాహుద్దీన్ చిత్తుగా ఓడిన సంగతి స్క్రిప్టులో లేదని పట్టుకున్నది కూడా స్నేహితుడే. తీరా ఖాలిద్ దగ్గరికొచ్చేసరికి వ్యవహారం మారిపోయింది. అక్కడ ఈయన రాసిన వాక్యం ఇది: ‘ఓటమి ఎరగని వీరుడే గానీ, మాలిక్ అనే బందీని చంపించి అతని భార్యను పెళ్ళాడిన మచ్చ ఉంది, అందుకే పదవి ఊడింది.’ దానికితోడు ఏఐతో గీయించిన ఖాలిద్ ముఖాన్ని థంబ్‌నెయిల్‌గా పెట్టి పంపారు. స్నేహితుడు గొడవేమీ చేయలేదు. “వంద యుద్ధాల్లో ఒక్కటీ ఓడనివాడు నీకు ఆరోవాడా? సరే, నీ ఇష్టం రా” అని, మర్నాడు హార్డ్ డిస్క్ తెచ్చి చేతికిచ్చి వెళ్ళిపోయాడు. అప్పట్నుంచి ఏ మెసేజ్ పెట్టినా బొటనవేలు బొమ్మే జవాబు. వాళ్ళ నాన్న, ఈయన ‘చాచా’ అని పిలిచే మనిషి, బజార్లో ఎదురుపడి “బాగున్నావా బేటా” అని ఆగకుండా వెళ్ళిపోయారట. ఇటు సొంత బాబాయి కొడుకేమో “వాళ్ళవాళ్ళని ఒక్కమాట అననివ్వరు, ఇప్పుడు తగ్గావంటే చరిత్రను అమ్ముకున్నట్టే” అని ఎగదోస్తున్నాడు. ఈయన అడుగుతున్నవి: నేను అబద్ధం రాశానా? ఆ వాక్యం తీసేయాలా? ఖాలిద్‌నే జాబితాలోంచి తప్పిస్తే గొడవ వదులుతుందా? రంజాన్‌కి వాళ్ళింటికి ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? అసలు ఎవరు గొప్పో మీరే చెప్పండి.

స్క్రిప్టు మొత్తం చదివాను. మొదటి ప్రశ్న తేలకపోతే మిగతాదేదీ మీ బుర్రకెక్కదు కాబట్టి అక్కడే మొదలుపెడదాం. మీ వాక్యంలో మొదటి సగానికి ఆధారం ఉంది. రెండో సగం తప్పు.

మాలిక్ బిన్ నువైరా ఉదంతం ఎవరో శత్రువులు పుట్టించింది కాదు. ప్రవక్త మరణం తర్వాత, 632లో, చాలా అరబ్బు తెగలు మదీనాకు జకాత్ (మతపరమైన పన్ను) పంపడం మానేసినప్పుడు జరిగింది. మాలిక్ ఒక తెగ నాయకుడు. ఖాలిద్ మనుషులకు పట్టుబడ్డాడు, ప్రాణం పోయింది, అతని భార్యను ఖాలిద్ పెళ్ళి చేసుకున్నారు. దీన్ని మొదట తప్పుపట్టింది ఎవరనుకున్నారు? ఖాలిద్ సైన్యంలోనే ఉన్న అబూ ఖతాదా. మాలిక్ మనుషులు ముస్లింలేనని, తాము కళ్ళారా చూశామని చెప్పి, నేరుగా మదీనాకు వెళ్ళి ఫిర్యాదు చేశారు. ఖాలిద్‌ను శిక్షించాల్సిందేనని, తర్వాత ఖలీఫా అయిన ఉమర్ పట్టుబట్టారు. ఖలీఫా అబూబకర్ మాత్రం, నిర్ణయంలో పొరబడ్డాడే గానీ దేవుడు దూసిన కత్తిని నేను ఒరలో పెట్టలేనన్నారు. మాలిక్ తరఫువాళ్ళకు పరిహారం ముట్టింది. మాలిక్ కోసం అతని సోదరుడు ముతమ్మిమ్ పాడిన శోకగీతాలకు అరబీ కవిత్వంలో ఈనాటికీ పేరుంది. ఇక చావు ఎలా జరిగిందన్నదానికొస్తే, 923లో చనిపోయిన తబరీ తన చరిత్రలో ఒకదానితో ఒకటి పొసగని కథనాలను పక్కపక్కనే పెట్టి ఊరుకున్నాడు. ‘చంపించి’ అని మీరు ఒక్కముక్కలో తేల్చేసింది ఆయన తేల్చని విషయం.

ఇక ‘అందుకే పదవి ఊడింది’ అన్నది చూడండి. ఆ సంఘటన తర్వాత అబూబకర్ ఖాలిద్‌ను ఉంచుకోవడమే కాదు, యమామా యుద్ధానికీ ఇరాక్‌కీ అక్కణ్ణుంచి సిరియాకీ పంపారు. 634లో ఉమర్ ఖలీఫా అయ్యాక ఖాలిద్ పైన అబూ ఉబైదాను సర్వసేనానిగా పెట్టారు. ఖాలిద్ ఆ కిందిస్థాయిలోనే 636లో సిరియాలో తూర్పు రోమన్లతో యర్మూక్ యుద్ధం పోరాడారు. పూర్తిగా తప్పించింది 638 ప్రాంతంలో, అదీ వేరే కారణం మీద. తనను పొగిడిన అష్‌అస్ అనే నాయకుడికి పదివేల దిర్హములు బహుమానం ఇచ్చారని మదీనాకు కబురు వెళ్ళింది. హోమ్స్ నగరంలో అందరి ముందూ విచారణ. ఆ డబ్బు నీదా, యుద్ధంలో వచ్చిన సొమ్ములోదా అని అడిగితే ఖాలిద్ నోరు విప్పలేదు. అప్పుడు ప్రవక్త సహచరుడు బిలాల్ లేచి, ఆయన తలపాగా తీసి దానితోనే కట్టేసి మళ్ళీ అడిగారు. నాదేనన్నారు ఖాలిద్. వెంటనే కట్టు విప్పి, తలపాగా తన చేత్తోనే తిరిగి చుట్టారు బిలాల్. యర్మూక్ గెలిచిన మనిషి సొంత సైనికుల మధ్య అలా నిలబడ్డారు. ఎదురుతిరగలేదు, సైన్యాన్ని చీల్చలేదు. కోపంతోనో, నమ్మకద్రోహం చేశాడనో తీసేయలేదు, విజయాలు ఖాలిద్ వల్లే వస్తున్నాయని జనం భ్రమపడుతున్నారు, గెలిపించేది దేవుడని తెలియాలి, అని ఉమర్ ఊరూరికీ రాసి పంపారట. మాలిక్ విషయం ఉమర్ మనసులో అలాగే ఉండిపోయిందనేవాళ్ళూ ఉన్నారు, అది కాదనను. కానీ ఆరేళ్ళ ఎడం ఉన్న రెండు సంఘటనలను మీరు ఒక్క ‘అందుకే’తో కుట్టేశారు. కోచింగ్ క్లాసులో ఏ కుర్రాడైనా ఇలా రాస్తే మార్కులు కోస్తారు కదా.

(చదివేవాళ్ళకి ఒక మాట. ఖాలిద్‌నూ ఉమర్‌నూ గౌరవంతో ‘అన్నారు’ అంటూ, అలెగ్జాండర్‌ను ‘అన్నాడు’ అంటున్నాను. వాళ్ళ పేరు వింటే తలవంచేవాళ్ళు ఈ పేజీ చదువుతున్నారు. అలెగ్జాండర్‌కి ఆ బెడద లేదు.)

నన్ను ఇంతకంటే ఇబ్బంది పెట్టిన విషయం స్క్రిప్టులో ఇంకోచోట ఉంది. అలెగ్జాండర్ భాగం నాలుగు పేరాలు. గాగమెలా ఉంది, పురుషోత్తముడితో వితస్తా (జీలం) ఒడ్డున జరిగిన యుద్ధం ఉంది. క్రీ.పూ. 335లో తీబ్స్ నగరాన్ని నేలమట్టం చేసి, మిగిలిన జనాన్ని బానిసలుగా అమ్మించిన సంగతి లేదు. మూడేళ్ళ తర్వాత టైర్ నగరం పడినప్పుడు రెండువేలమందిని సముద్రపు ఒడ్డున శిలువ వేయించాడని ప్రాచీన రచయితలు రాసింది లేదు. నెపోలియన్ భాగంలో ఆస్టర్లిట్జ్ ఉంది గానీ, 1799లో జాఫా దగ్గర లొంగిపోయిన వేలమంది సైనికులను సముద్రం ఒడ్డుకు తీసుకెళ్ళి చంపించిన సంగతి లేదు. పదిమందిలో ‘మచ్చ’ అన్న మాట ఒక్కరికే పడింది. మీకు ఆ ఉద్దేశం లేదని ఉత్తరం చదివితే తెలుస్తూనే ఉంది. ఖాలిద్ గురించి కొత్తగా చదివారు, కొత్తగా చదివింది పెన్ను చివరికి త్వరగా వస్తుంది. కానీ ఆ స్క్రిప్టును గొంతెత్తి చదవాల్సింది మీ స్నేహితుడు. మొదటి ఐదుగురినీ గౌరవంగా చదివి, ఆరోవాడి దగ్గర ఆ వాక్యం తన నోటితో పలకాలి. ‘నీ ఇష్టం’ అన్నమాట ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పుడు అర్థమవుతోందా?

సలాహుద్దీన్ మీద నవ్వుతూ వాదించినవాడు ఖాలిద్ దగ్గర ఎందుకు ముడుచుకుపోయాడో మీకు అంతుపట్టలేదు. మీరు ఇద్దరినీ ‘ముస్లిం సేనానులు’ అని ఒకే గంపలో వేశారు. ఆయన లెక్కలో వాళ్ళిద్దరూ ఒకటి కాదు. సలాహుద్దీన్ 12వ శతాబ్దపు సుల్తాన్. తిక్రీత్‌లో పుట్టిన కుర్దు. అభిమాన వీరుడే, కానీ మతంలో ఆయనకంటూ స్థానం లేదు. ఈజిప్టులో షియా వంశమైన ఫాతిమీల పాలనను ముగించినందుకు షియాలలో చాలామందికి ఆయన మీద మోజు కూడా తక్కువే. ఆయన గురించి వాదన ఎన్టీఆర్, ఏఎన్నార్ అభిమానుల తగువులాంటిది. వేడి ఉంటుంది, గాయం ఉండదు. ఖాలిద్ సహాబీ, ప్రవక్తను చూసి విశ్వసించిన తరం మనిషి. ‘సైఫుల్లా’, అల్లాహ్ ఖడ్గం అన్న బిరుదు ప్రవక్త ఇచ్చిందని సున్నీలు నమ్ముతారు. పేరు పక్కన ‘రజి’ (అల్లాహ్ ఆయన పట్ల ప్రసన్నుడగుగాక అన్నదానికి పొట్టి రూపం) అని రాయకుండా మన తెలుగు ముస్లిం పత్రికలు ఆ పేరు అచ్చు వేయవు. మన ఊళ్ళలో పిల్లలకు పెట్టుకునే సైఫుల్లా అన్న పేరుకు మూలం అక్కడే ఉంది. అలాంటి మనిషికి మీరు ఒక అంకె వేశారు, పైగా ఒక మొహం కూడా గీయించారు. సహాబాలకు బొమ్మలు గీయడం చాలామంది ముస్లింలు ఒప్పుకోరు. నా అనుమానం ఏమిటంటే, ఆరో స్థానం కంటే, ఆ వాక్యం కంటే, ముందు తగిలింది ఆ బొమ్మే. దాని గురించి ఆయన నోరు విప్పకపోవడానికి కారణం, ఇన్నేళ్ళ స్నేహంలో అది మీకు తెలిసే ఉంటుందనుకోవడం.

ఇంతమాత్రాన ఆయన మాట ప్రతిదీ నిలుస్తుందని కాదు. వంద యుద్ధాల మాట ఖాలిద్ మరణశయ్య మీద అన్నట్టు చెప్పే మాటల్లోది. వందకు పైగా పోరాటాల్లో ఉన్నాను, ఒంటిమీద జానెడు చోటు కూడా గాయం లేకుండా లేదు, చివరికి ఒంటెలా మంచం మీద చస్తున్నాను అని వాపోయారంటారు. అది ఒక యోధుడి దుఃఖం, స్కోరుబోర్డు కాదు. 629లో మూతా దగ్గర ముగ్గురు సేనానులు వరుసగా నేలకొరిగాక పగ్గాలు అందుకుని, చేతిలో తొమ్మిది కత్తులు విరిగేదాకా పోరాడి సైన్యాన్ని బతికించి వెనక్కి తెచ్చారు. గొప్ప పనే, కానీ గెలుపు అనలేం. తిరిగొచ్చిన సైన్యాన్ని పారిపోయి వచ్చారని మదీనాలో కొందరు ఎత్తిపొడిస్తే ప్రవక్తే అడ్డుపడ్డారంటారు. ఆయనకు పేరు తెచ్చిన తొలి యుద్ధం 625 నాటి ఉహుద్, అక్కడ ఆయన ముస్లింలకు ఎదురుగా ఉన్నారు. ఇవన్నీ ముస్లిం చరిత్రకారులే రాసిపెట్టారు. బనూ జజీమా తెగవాళ్ళను ఖాలిద్ చంపించినప్పుడు, ఖాలిద్ చేసినదానితో నాకు సంబంధం లేదని ప్రవక్త దేవుడికి చెప్పుకున్నారన్నది సున్నీలు అత్యంత ప్రామాణికమనుకునే హదీసు సంకలనంలోనే ఉంది. కాబట్టి విమర్శించే హక్కు మీకు ఉందా లేదా అన్న ప్రశ్నే అనవసరం. ఆ పని అబూ ఖతాదా, ఉమర్ ఎప్పుడో చేశారు. వాళ్ళు ఏ స్వరంతో చేశారో, ఏది దేనికి కారణమని చెప్పారో మీ వాక్యం పట్టించుకోలేదు, అంతే.

ఇక స్థానాల సంగతి. ఈ సరదా కొత్తది కాదు. ఎఫెసస్‌లో రోమన్ సేనాని స్కిపియో, కార్తేజ్ సేనాని హానిబాల్ ఎదురుపడ్డప్పుడు గొప్ప సేనాని ఎవరని స్కిపియో అడిగాడట. అలెగ్జాండర్ అన్నాడు హానిబాల్. తర్వాత? గ్రీకు రాజు పిర్రస్. ఆ తర్వాత? నేనే. జామాలో తనను ఓడించినవాడి మొహం మీదే ఆ మాట. నువ్వు నన్ను గెలిచి ఉంటేనో అంటే, అప్పుడు అలెగ్జాండర్ కంటే పైన ఉండేవాణ్ణి అన్నాడట. ఈ సంభాషణ నిజంగా జరిగిందని చాలామంది చరిత్రకారులు నమ్మరు, అయినా చెప్పుకోవడం మానరు.

మీ జాబితాలో ఏ కొలత వాడారో ఎక్కడా చెప్పలేదు. గెలిచింది నిలబడిందా అని చూస్తే, అలెగ్జాండర్ సామ్రాజ్యం క్రీ.పూ. 323లో అతని ఊపిరితోపాటే ముక్కలవడం మొదలైంది, హానిబాల్ ఊరు కార్తేజ్‌ను రోమన్లు క్రీ.పూ. 146లో తగలబెట్టారు, నెపోలియన్ సెయింట్ హెలెనా ద్వీపంలో బందీగా పోయాడు. సిరియాలో ఈనాటికీ అరబ్బీ మాట్లాడుతున్నారు. ఆ కొలతకు ఖాలిద్ ఆరో స్థానంలో ఉండటం కుదరదు. అదే, ఆధారాలు ఎంత గట్టివని చూస్తే నెపోలియన్ పక్కన ఎవరూ నిలవరు, ఆయన రోజువారీ ఆజ్ఞలు కాగితాల మీద ఉన్నాయి. ఖాలిద్ గురించి మనకున్న పెద్ద చరిత్రలు ఆయన పోయాక నూటయాభై నుంచి మూడొందల ఏళ్ళలోపు చేరిన రాతలు. అలెగ్జాండర్‌కి మిగిలినవి ఇంకా ఆలస్యం. యర్మూక్‌లో రోమన్ సైన్యం ఎంత అంటే పాత రాతలు లక్ష నుంచి రెండు లక్షలు దాటిస్తాయి, నేటి అంచనాలు చాలావరకు అందులో చిన్న భాగం దగ్గర ఆగుతాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. ఇరాక్ నుంచి సిరియాకు నీళ్ళులేని ఎడారి దాటిన ఖాలిద్ యాత్రను మీరు ఒక్క లైనుతో పోనిచ్చారు. ఒంటెలను దాహంతో మాడ్చి, కడుపునిండా నీళ్ళు తాగించి, నెమరువేయకుండా మూతులు కట్టి, మజిలీ మజిలీకి కొన్నిటిని కోసి కడుపులో నీళ్ళు గుర్రాలకు పట్టారట. చివరి మజిలీలో నీళ్ళు అయిపోయాయి. దారి చూపే రాఫీకి కళ్ళు సరిగా కనపడవు. ముళ్ళపొద ఉండాలి వెతకండి అంటాడు. లేదంటారు. మళ్ళీ వెతకండి, లేకపోతే మీరూ పోయారు, నేనూ పోయాను అంటాడు. నరికేసిన పొద మొదలు ఒకటి దొరుకుతుంది, అక్కడ తవ్వితే నీరు. ఆ గొప్పతనంలో ఎంత వంతు సేనానిది, ఎంత వంతు కళ్ళు మసకబారిన రాఫీది? మీ అంకెల్లో దానికి గడి లేదు. వీడియోలో నేను వినాలనుకునేది మాత్రం అదే.

మీ ముందున్న దారులు చెబుతాను, దేనికి ఏ ఖర్చో కూడా చెబుతాను. ఖాలిద్‌ను తప్పించడం అన్నిటికంటే సులువుగా కనిపిస్తుంది గానీ అదే చెడ్డది. ‘నీతో గొడవెందుకని మీవాణ్ణి తీసేశాను’ అన్నట్టు ఉంటుంది. మీ స్నేహితుడు కోరిందీ అది కాదు. పైగా ఆయన లేని సేనానుల జాబితా చరిత్రగా కూడా కుంటిదే. ఉన్నదున్నట్టు వేరే గొంతుతో వదిలితే వ్యూస్ బాగానే వస్తాయి. కింద వ్యాఖ్యలు ఎలా నడుస్తాయో మీకు తెలుసు. తప్పున్న ఆ వాక్యం మీ పేరుమీద తిరుగుతుంది, ఛానల్ ఒంటిచేతి ఛానల్ అవుతుంది. అంకెలు తీసేసి ‘పదిమంది, పది నిర్ణయాలు’ అన్నట్టు మారిస్తే పని పెరుగుతుంది, క్లిక్కులు తగ్గొచ్చు. కానీ ఎడారి యాత్రకు, తలపాగా ఘట్టానికి, మాలిక్ కథకూ చోటు దొరుకుతుంది. అంకెలే ఉండాలనుకుంటే మొదటి నిమిషంలోనే కొలత చెప్పండి, మచ్చలు రాస్తే పదిమందికీ రాయండి. అప్పుడు ఖాలిద్ ఆరో స్థానంలోనే ఉన్నా మీరు నిలబడి సమర్థించుకోగలరు. స్నేహితుడు ఒప్పుకోకపోవచ్చు, ‘సహాబీకి అంకె వేయను’ అని గొంతు ఇవ్వకపోవచ్చు. అది ఆయన హక్కు. ఆ ఒక్క వీడియో మీరు చదవండి. నాకైతే అంకెల్లేని దారి నచ్చుతుంది, కానీ ఛానల్ మీది.

బొమ్మ విషయం మాత్రం వేరుగా చూడండి. దాన్ని ఏ బేరం లేకుండా తీసేయండి. అలెగ్జాండర్‌కైనా నాణేలు, విగ్రహాలు ఉన్నాయి. ఖాలిద్ ఎలా ఉండేవారో చూపే ఆధారం ఏదీ లేదు. అది తీసేస్తే చరిత్రకు పోయేది సున్నా.

హార్డ్ డిస్క్ పట్టుకుని మీరే వెళ్ళండి. వాట్సాప్‌లో క్షమాపణ వ్యాసం రాయొద్దు, దానికీ బొటనవేలే వస్తుంది. బొమ్మ సంగతి తట్టలేదని, పదవి పోయిన కారణం తప్పు రాశానని, ఆ రెండూ చెప్పండి. కొత్త స్క్రిప్టు చేతికిచ్చి ‘చూసి సరేనను’ అని మాత్రం అడగొద్దు. అలా అడిగితే ఆయన్ని మీ స్నేహితుడి స్థానం నుంచి లేపి ఒక మతానికి సెన్సారు అధికారిగా కూర్చోబెట్టినట్టవుతుంది. రేపు ఎవరికి కోపం వచ్చినా ‘నువ్వే ఒప్పుకున్నావుగా’ అనే మాట ఆయన మెడకు చుట్టుకుంటుంది. వాదించాలనిపిస్తే వాదిస్తాడు. వంద యుద్ధాల మాట అప్పుడు మాట్లాడుకోండి, ఆరోజే కాదు.

రంజాన్‌కి వెళ్ళడానికీ వీడియోకీ ముడిపెట్టకండి. సయోధ్య కుదిరినా కుదరకపోయినా పండగరోజు వెళ్ళి చాచాకి సలాం చెప్పి, షీర్ ఖుర్మా తాగి రండి. ఆయన ఆ విషయం ఎత్తితే చెప్పండి, ఎత్తకపోతే మీరు ఎత్తకండి. పెద్దాయన ఇంట్లో పండగపూట యర్మూక్ ఎందుకు?

మీ బాబాయి కొడుక్కి ఒక పరీక్ష పెట్టండి. తిమ్మరుసు కళ్ళు తీయించింది శ్రీకృష్ణదేవరాయలేనని పోర్చుగీసు నూనిజ్ రాశాడు కదా. రాయల మీద వీడియో చేసి, దిగ్విజయం రెండు లైన్లలో ముగించి, ‘కన్నతండ్రిలాంటి మంత్రి కళ్ళు పీకించిన మచ్చ ఉంది, అందుకే రాజ్యం పోయింది’ అని పెడతానని చెప్పి చూడండి. మొదటి సగానికి ఆధారం ఉందనీ చెప్పండి. అతను ఏమంటాడో విన్నాక, అతని సలహాకు ఎంత విలువ ఇవ్వాలో మీకే తెలుస్తుంది.

ఇంకొకటి, ఇది మీ ఇద్దరి కంట్లోనూ పడలేదు. సలాహుద్దీన్ భాగంలో ‘1187లో జెరూసలేం గెలిచి అందరినీ ఉచితంగా వదిలేశాడు’ అని రాశారు. వదిలింది వెల కట్టించుకునే. మగవాళ్ళకు 10 దినార్లు, ఆడవాళ్ళకు 5. పేదలు చాలామందిని ఆయన, ఆయన తమ్ముడు ఆదిల్ డబ్బు లేకుండా విడిపించిన మాట నిజం. మిగిలిన వేలమంది బానిసలుగా పోయిన మాటా నిజమే. రికార్డింగుకు ముందే దిద్దండి.